పాలిపోయిన తొట్టి

ఆ నాచు యార్డులో తోడుపిన్ని అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, దాన్ని వాడిన నోరు లేదు. కట్టుకున్న మొగుడు కూడా "ఏమే" అనేవాడు తప్ప పేరు పలికిన పాపాన పోలేదు.

యార్డంటే గోడ కట్టిన పెద్ద ఆవరణ. అందులో వరసగా సిమెంటు తొట్లు. పొడుగ్గా సాగి, చివర్లలో గుండ్రంగా తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చే తొట్లు. మోకాలి లోతు కూడా ఉండని నీళ్ళు. ఆ నీళ్ళలో విడిగా చూస్తే కంటికి ఆనని నాచు, కలిసి ఉంటే కళ్ళు చెదిరే పచ్చన. తెడ్లున్న చక్రం ఒకటి పొద్దస్తమానం తపతపమంటూ నీళ్ళని తోస్తుంటుంది. నాచు ఎండ తాగి పెరుగుతుంది. పెరిగినదాన్ని వడగట్టి, ఆరబెట్టి, పొడి చేసి చేపల మేతకీ, నూనె తీయడానికీ పంపిస్తారు. దారిన పోయేవాళ్ళకి అది మురుగ్గుంట. చేసేవాళ్ళకి పంట.

ఆ తొట్లు కట్టే రోజుల్లో పిన్ని ఇసుక మోయడానికి వచ్చింది. కట్టడం అయ్యాక కూలీలందరూ వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం వెళ్ళకుండా ఒక చీపురు పట్టుకుని ఊడవడం మొదలుపెట్టింది. ఎవరూ ఊడవమనలేదు, వద్దనీ అనలేదు. అలా చీపురు నుంచి వడపోత గుడ్డకీ, గుడ్డ నుంచి తొట్టి గట్టుకీ ఎదిగింది. ఒకసారి ఒక తొట్టి వెలిసిపోయి చావడానికి సిద్ధంగా ఉంది. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే పిన్ని, "పాలకి తోడు వేస్తామా లేదా? దీనికీ వేద్దాం" అని పక్క తొట్టిలోంచి చిక్కటి పచ్చనీళ్ళు రెండు బకెట్లు తెచ్చి గుమ్మరించింది. కొన్నాళ్ళకి ఆ తొట్టి నిగనిగలాడింది.

అప్పట్నుంచీ అది ఆ యార్డు ఆచారమైపోయింది. ఏ తొట్టి కళ తప్పినా "పిన్నీ, తోడు పొయ్యి" అనడమే. వేరేవాళ్ళు పోసినా అదే నీళ్ళు, అదే నాచు. కాని పిన్ని పోస్తేనే పడుతుందనీ, ఆవిడ హస్తవాసి అలాంటిదనీ ఒక మాట పుట్టింది. హస్తవాసి అనేది మాయదారి జబ్బు. ఒకసారి ఉందన్నాక, లేదని తేలుతుందేమోనన్న భయంతోనే మనిషి సగం చస్తాడు. పిన్ని పైకి మెడ నిక్కించుకుని తిరిగేది గాని, పొద్దున్నే గేటు దాటగానే ఒక్కో తొట్టినీ తొంగి చూసేదాకా నోట్లో తడి ఉండేది కాదు.

అలాంటి ఆవిడ చేతిలో డాక్టరమ్మ చివరి తొట్టిని పెట్టింది.

డాక్టరమ్మంటే సూదిమందు డాక్టరు కాదు, చదువుల డాక్టరు. జలుబు చేసిందని చెబితే "వేణ్ణీళ్ళు తాగు పిన్నీ" అనేది. ఆ మాత్రం వైద్యం పంపు తిప్పేవాడూ చేయగలడు. ఆ అమ్మాయి గొడవంతా ల్యాబులో అద్దాల అరల మీద, దీపాల కింద, దూది బిరడాల సీసాల్లో ఉండేది. ఏళ్ల తరబడి ఆ సీసాల మీద వంగి వంగి, ముప్పై దాటకుండానే మెడ నొప్పి తెచ్చుకుంది. నాచు పుట్టుకలోనే మార్పు చేసి, కొత్త రకం ఒకటి తయారుచేసింది. దాన్ని మొదటిసారి ఎండలోకి, తొట్టిలోకి దించిన రోజున పిన్ని గట్టు మీద నిలబడి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. తక్కినవన్నీ ముదురు పచ్చగా మిసమిసలాడుతుంటే, ఇది అప్పుడే రాయి కింద నుంచి తీసిన గడ్డిలా తెల్లబారి ఉంది.

"ఏంటమ్మా ఇది, పుట్టగానే కామెర్లు వచ్చినట్టు?"

డాక్టరమ్మ నవ్వింది. "జబ్బు కాదు పిన్నీ. ఇది దాని రంగే. చూడు, మామూలు నాచు ఉందే, ఒక్కో నలుసూ ఎండని పట్టడానికి ఇంతేసి పళ్ళెం పట్టుకుని కూర్చుంటుంది. పైన ఉన్నవి తినగలిగినదానికి నాలుగింతలు వడ్డించుకుని, అరగక పారబోస్తాయి. అడుగున ఉన్నవాటికి చీకటి, పస్తు. నేను పళ్ళెం చిన్నది చేశాను. పైది తనకి కావలసినంత తిని మిగతాది కిందికి వదులుతుంది. అడుగుదాకా ఎండ పడుతుంది. అన్నీ తింటాయి, అన్నీ పెరుగుతాయి. పళ్ళెం చిన్నది కాబట్టే పచ్చదనం తక్కువ."

"బాగానే ఉంది తల్లీ" అంది పిన్ని. నమ్మలేదు. పాలిపోయినవాణ్ణి చూపించి పహిల్వానంటే ఎవరు నమ్ముతారు?

ఇంకో సంగతి కూడా ఉంది. పిన్ని దాన్ని ఎవరితోనూ అనలేదు. ఆవిడ మొదటి కొడుకు పాలిపోయినట్టే పుట్టాడు. "తెల్లగా ఉన్నాడు, అది వాడి రంగేలే" అని చుట్టుపక్కలవాళ్ళందరూ మురిసిపోయారు. ఆవిడకి లోపల ఏదో పీకుతూనే ఉన్నా నలుగురి మాట విని ఊరుకుంది. ఒంట్లో నెత్తురు లేదని ఆసుపత్రిలో చెప్పేనాటికి వాడు పాలు తాగడం కూడా మానేశాడు. ఆ తరవాత ఇద్దరు పుట్టారు, ఎదిగారు, వాళ్ళ సంసారాలు వాళ్ళవి. కాని "అది దాని రంగే" అన్న మాట వింటే మాత్రం ఇన్నేళ్ళ తరవాత కూడా ఆవిడ అరచేతుల్లో చెమట పడుతుంది.

డాక్టరమ్మ వేరే ఊళ్ళో ఉన్న తొట్లు చూడటానికి కొన్ని వారాలు వెళ్ళవలసి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గట్టు మీద నిలబడి మరీ చెప్పింది. "పిన్నీ, దీని జోలికి ఎవరూ రాకూడదు. మేత కొలిచి పెట్టాను, అది తప్ప ఏమీ పడకూడదు. తెడ్లు తిరుగుతుంటే చాలు. ఈ తొట్టి పంట తూచి చూశాకే పెద్దాయన దీన్ని ఉంచాలో తీసెయ్యాలో చెబుతాడు. నా ప్రాణం ఇందులో ఉంది."

"నా ప్రాణం అడ్డమేస్తాను, పోయిరా" అంది పిన్ని. పెద్దాయనంటే యార్డు యజమాని. ఆయన కోపానికి కూడా, మంచి మాటకి కూడా ఒకటే మొహం.

డాక్టరమ్మ అటు వెళ్ళిందో లేదో, ఇటు పంపు తిప్పేవాడు మొదలుపెట్టాడు. వాడికి చేతికన్నా నోటికే పని ఎక్కువ.

"ఏం పిన్నీ, నీ చేతి తొట్టికి నీరసం వచ్చింది? ఉపవాసం పెట్టావా ఏంటి?"

"నోరు ముయ్యరా. అది దాని రంగు."

"నా మరదలు కూడా అలాగే అంటుంది. రోజూ కళ్ళు తిరిగి పడిపోతుంది."

"నీ మొహం చూసి పడిపోతుందేమో కనుక్కో."

మాటకి మాట అప్పగించింది గాని, ఆ మాట మేకులా దిగిపోయింది. రోజూ పొద్దున్న చూస్తే ముందురోజు కన్నా ఇంకాస్త వెలిసినట్టే కనిపించేది. దోసిట్లోకి తీసుకుంటే దోసిట్లో ఉత్త నీళ్ళే ఉన్నట్టుండేది. ఒక పూట మబ్బు పట్టింది. మబ్బు నీడలో ఆ తొట్టి ఇంకా తెల్లగా, ఊపిరి లేనట్టుగా ఉంది. డాక్టరమ్మ వచ్చేసరికి ఇది చచ్చిపోతే? "నీకు అప్పగించి వెళ్ళానే పిన్నీ" అంటే? అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

మొగుడు దర్జీ. వీధి వైపు గదిలో మిషను దగ్గర కూర్చుని కాళ్ళు ఆడిస్తూనే అడిగేవాడు. "ఏమే, ఆ నాచుకి పెళ్ళి కుదరలేదా, అలా ఉన్నావు?"

"అది చచ్చేలా ఉందయ్యా."

"నీ నాచా అది? ఆవిడది. చస్తే ఆవిడ చూసుకుంటుంది."

"చస్తే నా చేతిలో చచ్చిందంటారు."

"అంటారు. అని, టీ తాగడానికి వెళ్ళిపోతారు." అతనికి లోకమంతా అలాగే కనిపించేది. నలభై ఏళ్లుగా జనాన్ని కొలతలు తీసి చూసినవాడు కదా.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ రేకుల షెడ్డు కింద క్యారేజీలు విప్పుకున్న వేళ, పిన్ని రెండో తొట్టిలోంచి చిక్కటి పచ్చన ఒక బకెట్టు తోడింది. తన సొంత తొట్టికి వెళ్తున్నట్టే మామూలుగా నడిచింది. చివరి తొట్టి దగ్గర ఒక్క క్షణం ఆగింది. "ఎరువు కాదు, మందు కాదు. నాచుకి నాచు" అనుకుంది. పోసేసింది. లేత నీళ్ళలో ఆ ముదురు పచ్చ ఒక చారలా సాగి, తెడ్ల కింద పడి ముక్కలై కనబడకుండా పోయింది. కొన్ని రోజులు చూసింది. మార్పు లేదు. చేసింది చాలలేదనుకుని ఇంకో బకెట్టు పోసింది. ఆ తరవాత మరొకటి.

అప్పుడు తిరిగింది తొట్టి. మొదట మలుపుల దగ్గర, తరవాత మధ్యలో, ఆ పైన ఒడ్డు నుంచి ఒడ్డుదాకా పచ్చబడింది. పంపు తిప్పేవాడు ఈలవేశాడు. "పిన్నీ! పోశావా తోడు?"

"నేనేం పోయలేదు. ఎండ తగిలి కోలుకుంది" అంది చటుక్కున. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే మళ్ళీ అంది. "నేను దాని గట్టు కూడా ఎక్కలేదు."

వాడు విననే లేదు. పిన్నికి మాత్రం ఆ రోజు రెండు రకాలుగా ఉంది. తొట్టి బతికిందని ఊరట. ఎందుకు అబద్ధమాడానన్న గుబులు. మంచి పనే చేసుంటే దాచడం దేనికి? లోపల ఎవరో ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు, ఆవిడ జవాబు చెప్పకుండా చీపురు తీసుకుని ఊడ్చిన చోటే ఊడ్చింది.

డాక్టరమ్మ తిరిగొచ్చింది. సంచి భుజాన ఉండగానే తిన్నగా చివరి తొట్టికి వెళ్ళింది. పిన్ని వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్ళింది. "ఎలా ఉందో చూడు" అన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంత పచ్చగా ఎప్పట్నుంచి ఉంది?"

"మొన్నీమధ్యనే... కాస్త కోలుకుంది."

"కోలుకుందా?" డాక్టరమ్మ గట్టు మీద కూలబడింది. "పోయింది పిన్నీ. తిరగబడిపోయింది. నేను చేసిన మార్పు నిలబడలేదు. మళ్ళీ పాత బుద్ధికే, పాత పళ్ళేనికే వెళ్ళిపోయింది."

పంట వడగట్టి, ఆరబెట్టి తూచారు. పాత తొట్లకన్నా ఒక వీసం కూడా ఎక్కువ రాలేదు. పెద్దాయన ఫోనులో రెండే మాటలు అన్నాడట. అరలు ఖాళీ చెయ్యండి, వేరే పనికి కావాలి. డాక్టరమ్మ ల్యాబులో కూర్చుని ఏడుస్తుంటే పిన్ని టీ తెచ్చి ఇచ్చింది.

ఆ రాత్రి పిన్ని మొగుడికి అంతా చెప్పేసింది. అతను మొదటిసారి మిషను ఆపాడు.

"అంటే నువ్వు పోసినవి పెద్ద పళ్ళేలవాళ్ళన్నమాట. చిన్న పళ్ళేలవాళ్ళ బంతిలో కూర్చుని అంతా లాగేసుకున్నారు."

"అవునా?" అంది పిన్ని. ఆవిడకి అప్పటిదాకా ఆ లెక్క అలా తట్టలేదు. పాలిపోయినదానికి బలం చేకూర్చాననుకుంది గాని, దాని నెత్తి మీద నీడ పరిచానని అనుకోలేదు.  "అయితే అది చెడలేదన్నమాట. నేనే..."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరింకేం. నీళ్ళలో పోసిన నీళ్ళకి సాక్ష్యం ఏముంది? చెప్పావనుకో, గేటు బయట నిలబెడతారు. ఈ వయసులో ఏ యార్డు వాళ్ళు పిలుస్తారే నిన్ను? ఆ అమ్మాయికేం, చదువుంది. ఇది కాకపోతే ఇంకోటి చేస్తుంది."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. అదే ఆవిడ ప్రాణానికొచ్చింది.

పొద్దున్నే డాక్టరమ్మ ల్యాబులోకి పిలిచింది. అరల మీద దీపాలు కొన్ని ఆర్పేసి ఉన్నాయి. లేత రంగు సీసాలన్నీ ఒక పళ్ళెంలో సర్ది ఉన్నాయి. డాక్టరమ్మ కళ్ళు వాచి ఉన్నాయి గాని గొంతు మామూలుగానే ఉంది.

"పిన్నీ, ఇవి ఆవిరి పెట్టెలో పెట్టెయ్. ఉడికాక సీసాలు కడిగి బోర్లించు."

ఆవిరి పెట్టెలో పెట్టడమంటే చంపడమే. పాతబడినవాటినీ, పాడైనవాటినీ అలాగే పారబోస్తారు. పిన్ని ఎన్నోసార్లు పెట్టింది.

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్కటన్నా ఉంచుకోవా తల్లీ? విత్తనానికి?"

"దేనికి, అలంకారానికా? ఎండలో నిలబడలేనిదాన్ని దీపం కింద దాచుకుని ఏం చేసుకోను? ఇన్నేళ్ళూ నన్ను నేనే మోసం చేసుకున్నాను. మా అమ్మ చెబుతూనే ఉంది, నీకు ఇది రాదే, వదిలెయ్యవే అని. ఆవిడ మాటే నిజమైంది."

పిన్ని ఆ పళ్ళెం ఎత్తుకుంది. బరువేమీ కాదు. ఆ గది దాటి, నడవా దాటి, పెట్టె దగ్గరికి వెళ్ళింది. పళ్ళెం లోపల పెట్టింది. మూత వేసింది. మూత బిగించే చక్రం మీద చెయ్యి పెట్టింది. అందరూ మంచిదంటారే, అదే చెయ్యి. మూత కింద సీసాల్లో ఆ లేత పచ్చ నిమ్మళంగానే ఉండి ఉంటుంది. దానికేం తెలుసు? గేటు బయట నిలబడ్డ తను కనిపించింది. మొగుడి మిషను చప్పుడు వినిపించింది. పంపు తిప్పేవాడు పక్కవాడితో "హస్తవాసట!" అనడం కూడా వినిపించింది. అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది. మనిషి ఎంత నీచమైందో చూడండి, తిండి పోతుందన్న భయం కన్నా పేరు పోతుందన్న భయమే పెద్దదైంది.

చక్రం తిప్పబోయింది. చెయ్యి తిరగలేదు.

మూత తీసి, పళ్ళెం ఎత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. డాక్టరమ్మ తలెత్తింది.

"ఏమైంది? కరెంటు లేదా?"

"అది తిరగబడలేదమ్మా."

"ఏది?"

"నీ నాచు. అది చెడలేదు. నేనే తోడు పోశాను."

 డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఏం పోశావు?"

"రెండో తొట్టిలోది. పాలిపోయిందని... చచ్చిపోతుందేమోనని..." కొడుకు సంగతి నోటిదాకా వచ్చింది. మింగేసింది. చచ్చినవాణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకునే రకం కాదు పిన్ని.

"ఒకసారేనా?"

"కాదు."

"జోలికి వెళ్ళద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"పచ్చబడ్డాక నేను ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే, టీ తెచ్చి ఇచ్చావు కదా. అప్పుడు కూడా నీకు తెలుసు."

 ఆ అమ్మాయి అరిచినా బాగుండేది. రెండు తిట్లు తిడితే పిన్ని నాలుగు ఏడుపులు ఏడ్చి తేలికపడేది. డాక్టరమ్మ దగ్గరికి వచ్చి పళ్ళెం తన చేతుల్లోకి తీసుకుంది. "జరగండి" అంది. ఎప్పుడూ నువ్వనే పిల్ల, పిన్నీ అనకుండా మాట మొదలుపెట్టని పిల్ల. ఆ 'అండి' చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఒక్కొక్క సీసానీ మళ్ళీ అర మీద పెట్టింది. ఆరిన దీపాలు వేసింది. పెట్టడం అయ్యాక కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పిన్నికి తెలియలేదు. "నేను తప్పు చెయ్యలేదు" అని మాత్రం వినిపించింది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "నేను తప్పు చెయ్యలేదు."

పెద్దాయన పిన్నిని పంపేద్దామన్నాడు. డాక్టరమ్మ అడ్డుపడి వెనకేసుకు రాలేదు, అలాగని అవునని కూడా అనలేదు. "ఆవిడ చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఉండనివ్వండి. తొట్ల దగ్గరికి మాత్రం వద్దు" అందట. ఈ మాట పంపు తిప్పేవాడే మోసుకొచ్చాడు.

చివరి తొట్టిలో నాచునంతా మందు కొట్టి చంపి, నీళ్ళు తీసేశారు. గోడలకి పట్టిన పచ్చనంతా పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో తోమింది. ఎవరూ తోమమనలేదు, వద్దనీ అనలేదు. తరవాత ఆవిణ్ణి ఆరబెట్టే షెడ్డుకి మార్చారు. అక్కడ పని చచ్చిన నాచుతో. దానికి హస్తవాసి అక్కర్లేదు.

"పోనీలే, నీ చేతికి ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికింది" అన్నాడు మొగుడు.

"నీ నోటికి దొరికితే బాగుండు" అంది పిన్ని.

సీసాల్లోంచి విత్తనం పెంచి కొత్తగా మళ్ళీ తొట్టి నింపారు. ఈసారి పైన పల్చటి కప్పు వేశారు, చుట్టూ తాడు కట్టారు. బట్టతలలా మెరుస్తోందని అందరూ నవ్వారు. పిన్నికి నవ్వు రాలేదు. ఆవిడ భయం తగ్గకపోగా రెట్టింపయింది. గాలికి కొట్టుకొచ్చిన నలుసైనా చాలు, పెద్ద పళ్ళెంవాడొకడు దూరితే చాలని డాక్టరమ్మ ఎవరికో చెబుతుంటే వింది. రేపు నిజంగానే గాలికి పచ్చబడితే? ఒట్టు పెట్టినా ఎవరు నమ్ముతారు? ఒకసారి పోసిన చెయ్యి మళ్ళీ పోయదా అంటారు. అందుకని ఆ తొట్టి పక్కనుంచి వెళ్ళే దారి మానేసింది. ఎండైనా వానైనా గోడ వెంబడి చుట్టు తిరిగి షెడ్డుకి వెళ్ళేది. చేతులు కడిగి కడిగి వేళ్ళు పగిలాయి.

కాని తెలుసుకోకుండా ఉండలేదు కదా. రోజూ పని మొదలయ్యే ముందు పంపు తిప్పేవాణ్ణి కేకేసి పిలిచేది.

"ఒరే, ఎలా ఉందిరా?"

"ఏం చెప్పను పిన్నీ. పొద్దున్నే చూశాను. పాపం, శుభ్రంగా పాలిపోయి ఉంది."

"నిజం చెప్పు. మలుపుల దగ్గర చూశావా? అక్కడే ముందు తిరుగుతుంది."

"చూశాను. మలుపుల దగ్గర ఇంకా పాలిపోయి ఉంది."

పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలేది. ఆ ఊపిరి సాయంత్రందాకా సరిపోయేది. సాయంత్రం మళ్ళీ అడిగేది.